వేళ్ళు తిరిగివచ్చిన మధ్యాహ్నాలు

జూన్ 2

ఈ దినం నా ఆయుష్షులో పుణ్యదినమని ఈ పుట మీద మొట్టమొదటి మాటగా రాస్తున్నాను. పదకొండేళ్ళ కిందట నన్ను విడిచిపోయిన నా ఎడమచేతి చూపుడువేలు, నడిమివేలు ఈ మధ్యాహ్నం నన్ను చూడవచ్చాయి. పేరు పెట్టని సంఘటన పేరు లేని బిడ్డలాగా గుంపులో తప్పిపోతుంది కనుక దీనికి పేరు కూడా ఇక్కడే పెడుతున్నాను. పేరు పునర్దర్శనం. దాని అర్థం, పోయినదంతా పోలేదని.

భోజనమయ్యాక బైండింగు షాపు వెనకగదిలో మడతమంచం మీద నడుం వాల్చాను. కల వచ్చింది. కలలో నా బల్ల ముందే కూర్చుని ఉన్నాను. ఎడమచేయి చూసుకుంటే అయిదు వేళ్ళు. మెలకువలో ఉండేవి మూడే కదా, మిగిలిన రెండూ కటింగు మిషను తిన్నది కదా, కాబట్టి ఇది కల అని కలలోనే అనుకున్నాను. అనుకున్నా కల చెదరలేదు. తాడును చూసి పామని జడుసుకోవడం లోకంలో ఎవరైనా చేసేదే. పాము ఎదుట నిలబడి "నువ్వు తాడువే" అని దాని ముఖాననే అనగలిగే భాగ్యం నాకు డెబ్భై ఒకటో ఏట దక్కింది.

ఇది వట్టి వినోదం కాదు. పెద్ద గ్రంథాలయం వారు పన్నెండు నిఘంటు సంపుటాలు మళ్ళీ కట్టమని పంపారు. మొదట కట్టినవాడు నా గురువు. ఒక్కొక్క పుస్తకం వెన్నుకు పై కొనన, కింది కొనన రెండు రంగుల పట్టుదారంతో అల్లిన సన్నని అంచు ఉంటుంది. మేము దాన్ని కొన అల్లిక అంటాం. "అదే అల్లిక వేయగలరా? లేకపోతే చెప్పండి, మిషను బైండింగుకి పంపించేస్తాం" అని గ్రంథాలయాధికారిణి అడిగింది. "నాకు వచ్చు" అన్నాను. ఆ ముక్క నమ్మి కోడలు సంపుటాలన్నీ దింపించుకుంది. సెప్టెంబరు మొదటి వారం గడువు.

నిజానికి అది నాకు రాదు, నా వేళ్ళకు వచ్చు. ఆ వేళ్ళు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయో ఇవాళ తెలిసింది.

జూన్ 5

ఏ విద్యకైనా నియమం ఉండాలి. నావి రాసుకుంటున్నాను. మధ్యాహ్నపు కునుకులోనే ఈ ప్రయత్నం చేస్తాను, రాత్రి నిద్ర జోలికి పోను. వారానికి రెండుసార్లు మించను. కలలో ఎత్తునుంచి దూకను, నిప్పునూ కత్తినీ ముట్టను, ఎందుకంటే అక్కడ అలవాటైన చేయి ఇక్కడ కూడా చాస్తుంది. లేవగానే మంచం దిగకముందే ఎడమచేయి చూసుకుంటాను. మూడైతే మెలకువ, అయిదైతే కల. ఈ చివరి నియమం అన్నింటికీ తలమానికం. దీనిని తప్పితే నన్ను నేను మన్నించను.

పగలు కూడా గంటగంటకూ చేయి చూసుకోవాలి. పగటి అలవాటే కలలోకి నడిచివస్తుంది.

జూన్ 9

చేయి చూశాను. మూడు. చూశాను. మూడు. చూశాను. మూడు.

జూన్ 12

అయిదు!

కల చెదరకుండా అరచేతులు రెండూ రుద్దుకున్నాను. పట్టుదారం తెచ్చుకున్నాను. ఏమీ ఆలోచించకుండా, ఆవు దూడ దగ్గరకు పోయినట్టు, ఎడమచేతి వేళ్ళు దారం దగ్గరకు పోయాయి. చూపుడువేలు దారాన్ని బిగబట్టింది. నడిమివేలు దాని కిందనుంచి దూరి రెండో దారాన్ని ఎత్తింది. అలా మూడు చుట్లు చూశాను. నాలుగో చుట్టుకు సంతోషం పట్టలేక మెలకువ వచ్చేసింది. సంతోషం కూడా నిద్రకు శత్రువేనని నేర్చుకున్నాను.

చేయి చూసుకుని, మూడని రూఢి చేసుకుని, మంచం దిగి కోడలిని కేకేశాను. ఆమె జిగురు చేతులతోనే వచ్చింది.

"రాసుకో అమ్మా. ఎర్రదారం పైనుంచి, తెల్లదారం కిందనుంచి. వేలు దారాన్ని లాగకూడదు, ఆనాలి."

"ఆనడమంటే ఎంత, మామయ్యగారూ?"

"నిద్రపోయే పసిబిడ్డ చెక్కిలి మీద చేయి వేస్తే ఎంతో, అంత."

అల్లింది. మూడు చుట్లూ నిలిచాయి. ఆమె ముఖం విప్పారింది. "చదువుకునే రోజుల్లో మేం కునుకు తీస్తే మాస్టారు సుద్దముక్క విసిరేవారు. ఇక్కడ మాస్టారు కునుకు తీస్తేనే పాఠం" అంది.

కలలోకి కూడా ఈమె వస్తుంది. ఆ కోడలు మరీ మర్యాదస్థురాలు. "తమ ఆజ్ఞ" అంటుంది. నా మాట జవదాటదు, నా భాషే మాట్లాడుతుంది. ఇంట్లో ఉన్నావిడ కంటే ఆవిడే నయమని ఈవిడతో అనలేదు. నాకింకా ఆయుష్షు మీద ఆశ ఉంది.

జూన్ 21

ఈ వారం నాలుగుసార్లు. వారమంటే ఏడు రోజులేనని శాసించినవాడెవడు?

మెలకువ వచ్చింది గాని దేహం రాలేదు. కన్నులు తెరిచే ఉన్నాయి. కప్పు కనబడుతోంది, బయట కోడలు అట్టలు కోస్తున్న చప్పుడు వినబడుతోంది. చేయి లేవదు, నాలుక కదలదు. రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. ఇలా జరుగుతుందని చదివాను. చదవడం వేరు, రొమ్ము మీద మోయడం వేరు. నోరు లేకుండానే మనసులో ఒక సీసపద్యం ఎత్తుకున్నాను. రెండో పాదం ముగిసేసరికి కాలి బొటనవేలు కదిలింది, దాని వెంట దేహమంతా వచ్చింది.

దీనికి నేను బెదరను. కూర్చున్నవాడెవడో వాడికి పద్యం రుచించలేదు, లేచిపోయాడు.

కోడలికి చెప్పలేదు.

జూలై 1

కోడలు చెప్పేసింది. నాకు కాదు, నా కూతురికి. నిద్రలో నేను కన్నులు తెరిచి నీలుక్కుపోయి ఉండటం ఆమె చూసిందట.

కూతురు నన్ను నిద్ర డాక్టరు దగ్గరకు తోలుకుపోయింది. రోగికి నిద్ర వచ్చేదాకా ఆవులించడమే ఆయన వైద్యం లాగుంది. నేను ఆయనకు ఆవులింతల డాక్టరని పేరు పెట్టాను.

"తాతగారూ, ఎన్నాళ్ళుగా?"

"నెల."

"వారానికి ఎన్నిసార్లు?"

"రెండు."

"నాన్నా!" అంది కూతురు.

"రెండు... రెండు రెళ్ళు."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "చూడండి, కలని నిజం అనుకోవడంలో ప్రమాదం లేదు. అందరం రోజూ చేసేదే, లేస్తాం, మర్చిపోతాం. నిజాన్ని కల అనుకున్నారనుకోండి, అదీ నా భయం. నిద్ర ముక్కలైపోతే, ఈ వయసులో, ఆ గీత చెరిగిపోతుంది. మానేయండి."

"జాగ్రదవస్థ కూడా ఒక దీర్ఘస్వప్నమేనని పెద్దలు ఎప్పుడో తేల్చారు, డాక్టరుగారూ."

"ఆహా. తేల్చాక ఆ పెద్దలు మేడ మీదనుంచి దూకారా, మెట్లు దిగి వచ్చారా?"

కూతురు కిసుక్కున నవ్వింది. ఇంటికి వచ్చేదాకా నాకు జవాబు తట్టలేదు. ఇంటికి వచ్చాక ఏడు తట్టాయి. అందులో మూడింటిని ఎవరూ ఖండించలేరు.

మానను. అల్లిక సగం చేరింది. సగం కట్టిన పుస్తకాన్ని ఏ బైండరూ బల్ల మీద వదిలిపోడు.

జూలై 6

కూతురు వచ్చింది. చేతిలో చిన్న డబ్బా. అది పనిచేసేది కృత్రిమ అవయవాలు చేసేచోట. డబ్బా తెరిచింది. రెండు వేళ్ళు. సిలికాన్‌తో చేసినవి. నా కుడిచేతి వేళ్ళను అచ్చు తీసి, నా చర్మం రంగు కలిపి, గోళ్ళలో తెల్లని చారలు సైతం దిద్దింది. డాక్టరు దగ్గరనుంచి వచ్చిన నాటినుంచి రోజూ, డ్యూటీ అయ్యాక కూర్చుని చేసిందట.

"వేళ్ళ కోసమే కదా నాన్నా నిద్రలోకి పోతున్నావు? ఇవిగో. పగలే పెట్టుకో. ఇక ఆ కలలు ఆపేయ్."

ఈ వేళ్ళు వంగవు, దారాన్ని పట్టలేవు. వీటికి చూడటానికి తప్ప మరో ప్రయోజనం లేదు. ఆ మాట ఎలా అనను? చేయి చాచాను, తొడిగింది. నా చేతిని తన చెక్కిలికి ఆనించుకుంది. పదకొండేళ్ళ కిందట ఆసుపత్రిలో ఆ చేతికి కట్టు విప్పినప్పుడు ఇది బయటి వరండాలో నిలబడి లోపలికి రాలేకపోయింది.

కొత్త నియమం. పడుకునే ముందు వేళ్ళు తీసి డబ్బాలో పెట్టాలి. తీసి డబ్బాలో పెట్టాలి. మరవకూడదు.

జూలై 15

ఇక మిగిలింది మూలముడి ఒక్కటే. అల్లిక వెన్ను చివరికి చేరాక దారం ఊడిపోకుండా లోపలికి తిప్పి వేసే ముడి. వేళ్ళు అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ కల పలచబడుతుంది. గురువు కూడా ఆ ముడి వేసేటప్పుడు మాకు వీపు తిప్పేవాడు.

ఒక సంగతి రాసి పెట్టాలి. ఇది నా కోసమే రాసుకునేది కనుక సిగ్గు లేదు. కలలో కటింగు మిషను దగ్గరకు పోయాను. నా రెండు వేళ్ళు తిన్న రాకాసి అదే. దాని కత్తి కింద చేయి పెట్టి పిడి లాగాను. కత్తి నీటిలోనుంచి పోయినట్టు నా చేతిలోనుంచి పోయింది. చుక్క నెత్తురు లేదు. "ఏదీ, ఇప్పుడు తిను!" అన్నాను. పదకొండేళ్ళుగా దాని ముందునుంచి తల వంచుకుని నడుస్తున్నాను. అక్కడ మాత్రం అది నా ముందు తల వంచింది.

నియమం తప్పానా? కలలో కత్తి కత్తే కాదు కదా.

మూడుసార్లు లాగాను.

జూలై 23

ఇవాళ విశేషం ఏమీ లేదు. షాపుకు సెలవు.

జూలై 24

విశేషం ఏమీ లేదు.

జూలై 26

పై రెండు దినాల రాతా అబద్ధం. నా పుస్తకానికే నేను అబద్ధం చెబితే ఇక నిజం ఎవరికి చెప్పుకోను?

ఇరవైమూడున మధ్యాహ్నం కూతురు వచ్చి వెళ్ళింది. అది చూస్తుందని వేళ్ళు తొడుక్కున్నాను. అది వెళ్ళాక తీయడం మరిచి పడుకున్నాను. కల వచ్చిందో లేదో జ్ఞాపకం లేదు. మెలకువ వచ్చింది. నియమం ప్రకారం మంచం దిగకముందే ఎడమచేయి చూసుకున్నాను.

అయిదు.

కాబట్టి ఇది కల. ఎంత ధీమాగా అనుకున్నానో! నా నియమాలలో నేను తప్పని నియమం అదొక్కటే. అదే నన్ను మిషను దగ్గరకు నడిపించింది. ముందుగదిలో కోడలు మడిచిన ఫారాలు కుడుతోంది, నాకు వీపు. పదకొండేళ్ళ కిందట పెట్టిన చోటే ఎడమచేయి పెట్టాను. కుడిచేత్తో పిడి లాగాను.

కత్తి దిగింది. రెండు వేళ్ళు ఎగిరి బల్ల మీద పడ్డాయి. నొప్పి లేదు. నెత్తురు లేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి? నవ్వాను. "తిన్నావా? అరిగిందా?" అన్నాను. పిడి ఎత్తి, ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, ఈసారి కుడిచేయి పెట్టాను. అయిదుకు అయిదూ సొంత వేళ్ళున్న చేయి.

"మామయ్యగారూ!"

కలలోని కోడలే అనుకున్నాను. "భయపడకమ్మా, ఇది కల" అన్నాను, ప్రశాంతంగా.

"చెయ్యి తియ్యరా, ముసలి సచ్చినోడా!"

ఆగిపోయాను.

పద్నాలుగేళ్ళలో ఆ పిల్ల నా ముందు గొంతెత్తి ఎరగదు. 'గారు' లేకుండా నన్ను పిలిచి ఎరగదు. నా కలలో ఆవిడ నేను కూర్చిన మాటలే మాట్లాడుతుంది. ఈ మాట నేను కూర్చలేదు. వెయ్యి కలలు కన్నా కూర్చలేను. ఇది నా లోపలినుంచి వచ్చిన మాట కాదు. అంటే, బయట ఎవరో ఉన్నారు. అంటే, బయట అనేది ఉంది.

కుడిచేయి వెనక్కి తీశాను. ఆమె నా జబ్బ పట్టుకుని కింద కూర్చోబెట్టింది, పక్కనే తానూ కూలబడింది.

"నన్ను క్షమించండి మామయ్యగారూ, నోరు జారింది."

"జారనీ అమ్మా. అది జారబట్టే ఇది మిగిలింది" అని కుడిచేయి చూపించాను. అప్పుడు ఏడ్చింది. నేను ఏడవలేదు. కళ్ళలో కాగితం పొడి పడింది.

ఆగస్టు 3

కూతురికి చెప్పక తప్పలేదు. తెగిన వేళ్ళను అరచేతిలో పెట్టుకుని చూసింది. "మొదటి రెండూ దేవుడిచ్చినవి, పోగొట్టావు. ఈ రెండూ నేనిచ్చినవి. ఇక మూడోసారి ఎవరిస్తారు నాన్నా?" అంది.

మిషను పిడికి తాళం పడింది. తాళంచెవి కోడలి దగ్గర. మధ్యాహ్నం కాఫీ తాగి మేలుకుని ఉండమన్నారు. ఉంటున్నాను. పన్నెండు సంపుటాలూ కుట్టు పూర్తయి, అల్లిక చివరి అంగుళం దగ్గర దారాలు వేలాడేసుకుని, కత్తిరింపు కోసం కూర్చున్న పన్నెండుమంది జుట్టుపోలిగాళ్ళ లాగా వరసగా ఉన్నాయి.

ఆగస్టు 19

నేను ఓడలేదు. అలా అనుకునేవారుంటే వారి పొరపాటు. సభ పెట్టి వాదించాను. ముద్దాయినీ నేనే, ప్లీడరునూ నేనే.

"ఒక్కసారి. మూలముడి కోసం. పిడికి తాళం ఉంది. తొడుక్కోవడానికి వేళ్ళు లేవు. కోడలు పక్కనే కూర్చుని పని చేసుకుంటుంది. లేవగానే నా చేయిని నేను నమ్మను. ఆమెనే అడుగుతాను."

"కలలో వదినా ఉంటుందిగా. ఏ వదినని అడుగుతావు?" అంది కూతురు.

"తిట్టేదాన్ని."

కోడలు తల దించుకుంది. ఎంత దించుకున్నా నవ్వు కనబడింది.

"అరగంట. నిమిషం దాటితే నేనే లేపుతా. వదినంత మర్యాదగా కూడా లేపను" అని కూతురు గడియారం ఎదురుగా కూర్చుంది.

ఆగస్టు 19, సాయంత్రం

వెళ్ళాను. బల్ల ముందు ఉన్నాను. ఎడమచేయి చూసుకున్నాను.

మూడు.

మెలకువే అనుకున్నాను. నిద్ర పట్టలేదు, అరగంటా వృథా అనుకుని బాధపడ్డాను. అప్పుడు కోడలు వచ్చి, "తమరు విశ్రమింపుడు, దాసురాలను నేనున్నాను" అంది. ఇదిగో ఇదీ కల! అంటే అక్కడ కూడా ఇక మూడే. వేళ్ళు వెళ్ళిపోయాయి. ఈసారి వీడ్కోలు చెప్పి కూడా వెళ్ళలేదు.

తలుపు మూసుకుపోయిందని తెలిసింది. ఇక వేళ్ళ లెక్క నాకు కలను పట్టివ్వదు. అయినా లేవలేదు. మూడు వేళ్ళతోనే దారం పట్టాను. జారింది. పట్టాను. జారింది. కలలో కూడా నేను కుంటిచేతివాడినే అయితే, కుంటిచేత్తోనే కూర్చుంటానని మొండికేశాను. పట్టాను. జారింది.

"లేవండి, అరగంటయింది. కాఫీ చల్లారిపోతోంది. ఇది కల కాదు, కలలో కాఫీ ఇంత చెత్తగా ఉండదు."

కన్నులు తెరిచాను. కోడలి గొంతే. సందేహం లేదు.

"ముడి దొరికిందా?"

లేదని తల ఆడించాను. ఆ తల ఆడించడానికి నాకు పట్టిన బలం ఏ పిడి లాగడానికీ పట్టలేదు.

ఆమె మొదటి సంపుటం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మూల దగ్గర అల్లిక ముగిసి ఉంది. దారం లోపలికి తిరిగి, తన కిందనుంచి తానే దూరి, ఎక్కడికి పోయిందో కనబడకుండా పోయింది.

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ లేదు. మీరు నిద్రపోతున్నంతసేపూ ఊరికే కూర్చోలేక వేశాను. ముందు ఎనిమిది ఊడిపోయాయి. ఇది తొమ్మిదోది."

అద్దం పెట్టి చూశాను. తప్పు వెతికాను. దాచుకోవడం దేనికి, ఆశగా వెతికాను. "ఇది మా గురువుగారి ముడి కాదు."

"మీ గురువుగారి ముడి మీ గురువుగారి దగ్గరే ఉండనివ్వండి. వీపు తిప్పి వేశారుగా. ఇది ఊడుతుందేమో లాగి చూడండి."

మూడు వేళ్ళతో లాగాను. అయిదు వేళ్ళతో లాగాను. పళ్ళతో కూడా లాగేవాడినే, కూతురు పళ్ళ సెట్టు గుర్తు చేసింది.

ఊడలేదు.

సెప్టెంబరు 4

గ్రంథాలయాధికారిణి పాత అట్ట, కొత్త సంపుటం పక్కపక్కన పెట్టి చూసింది. చూపు పదునైన మనిషి. "అల్లిక అదే. మూల మాత్రం వేరే" అంది.

నేను నోరు తెరిచేలోగా కోడలు చెప్పింది. "అవునండి. అది మాది."

అధికారిణి సంపుటాన్ని నడిమికి తెరిచి, రెండు అట్టలూ పట్టుకుని బల్ల మీదికి వదిలింది. దబ్బుమంది. ఎత్తి మూల చూసింది. మళ్ళీ వదిలింది. "ఉండనివ్వండి" అని సంతకం పెట్టింది.

ఆవులింతల డాక్టరుకు కబురు పంపాను. రాత్రి పూర్తిగా నిద్రపోతున్నానని, మధ్యాహ్నం వారానికి ఒక్కసారి పోతున్నానని, అది నిజంగా ఒక్కసారేనని, ఆ ఒక్కటీ మాత్రం ఎవరు చెప్పినా మాననని. ఇప్పుడు అక్కడినుంచి ఏమీ తేవడానికి పోవడం లేదు. మూడు వేళ్ళతో బల్ల ముందు కూర్చుని వస్తాను. దారం ఇప్పటికీ జారుతుంది. జారనీ. లేవగానే చేయి చూసుకోను. "అమ్మా, ఉన్నావా?" అంటాను. "లేను, చచ్చాను, లేచి జిగురు కలపండి" అంటుంది. అప్పుడు కాళ్ళు నేల మీద పెడతాను.

ఈ పుటలన్నీ విప్పి, వరస పెట్టి, కోడలి చేత కుట్టిస్తున్నాను. చదవనని మాట ఇచ్చింది. కొనలకు అల్లిక, మూలకు తన ముడి.

నా వెనక ఈ బల్ల ముందు కూర్చునేవారా! మీ పదివేళ్ళూ మీకు చిరకాలం తోడుండుగాక. ఏ వేలైనా పోతే, అది నేర్చినది మరొకరి వేలికి ముందే చేరి ఉండుగాక. కలలోకి పోవలసివస్తే పోండి, బెదరకండి. అయితే మీకు మీరు పెట్టుకున్న గుర్తు మీకే అబద్ధం చెప్పిన నాడు, మీరు కలలోనైనా ఊహించలేని మాటతో మిమ్మల్ని తిట్టి లేపే మనిషి మీ పక్కగదిలో ఉండుగాక. ఆ మనిషి గొంతు ఎన్నడూ బొంగురుపోకుండుగాక.